గేటు దగ్గర పచ్చ గన్నేరు, ఇంట్లో రెండేళ్ల పాప

పెరటి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు పడి మొక్కలన్నీ ఏపుగా పెరుగుతున్న రోజులు కాబట్టేమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే భయం చుట్టూ తిరిగాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఏ మొక్క ఉంచాలి, ఏది పీకేయాలి అని. అందుకే ఈ నెల గులాబీ ఎరువులు, మల్లె కత్తిరింపులు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. పేర్లు ఎవరివీ వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

అక్కా, మేం హన్మకొండలో ఈ మధ్యే ఇల్లు కొనుక్కున్నాం. గేటు పక్కనే పాత పచ్చ గన్నేరు చెట్టు ఉంది, ఏడాది పొడుగునా పూస్తుంది. మా అత్తమ్మ రోజూ ఆ పూలతోనే పూజ చేస్తుంది, కొట్టనియ్యదు. మా ఆయనకేమో మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా నోట్లో పెడితే పిల్లలు నిమిషంలో చనిపోతారని ఎవరో వాట్సాప్‌లో పంపారు, హాల్లో ఉన్నవన్నీ తీసి బయట పడేశాడు. పాపకు రెండేళ్లు, బాబుకు ఆరు. అసలు దేన్ని తీయాలి? (హన్మకొండ)

చెల్లెమ్మా, మీ ఆయన హాలు ఖాళీ చేసి గేటు దగ్గరి చెట్టును వదిలేశాడు. జరగాల్సింది దాదాపు దీనికి తిరగబడి. ఆయన్ను ఏమీ అనకండి, ఆ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది, చదివినవాళ్లందరూ అదే పని చేస్తున్నారు.

ముందు హాల్లో మొక్కల సంగతి. డిఫెన్‌బాకియా, మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, ఆగ్లోనీమా, సింగోనియం, పీస్ లిల్లీ, ఇవన్నీ మన చామగడ్డ కుటుంబమే. వీటి ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ కంటికి కనిపించనంత సన్నటి సూదులుగా, కట్టలు కట్టలుగా ఉంటుంది. పిల్ల కొరకగానే అవి నాలుకలో, బుగ్గల లోపల గుచ్చుకుని వెంటనే మంట, వాపు, చొంగ, ఏడుపు మొదలవుతాయి. చామగడ్డ సరిగ్గా ఉడకకపోతే గొంతు దురద పెట్టేది కూడా ఈ సూదుల వల్లే, అందుకే చింతపులుసు పోసి బాగా ఉడికిస్తాం. ఆ మంట తగలగానే పిల్లలు మామూలుగా ఉమ్మేస్తారు, రెండోసారి కొరకరు. నిమిషంలో ప్రాణం పోతుందనేది అబద్ధం. అలాగని ఏమీ కాదని కూడా అనను. డిఫెన్‌బాకియా కాడను గట్టిగా నమిలితే నాలుక, గొంతు వాచి ఊపిరి ఇబ్బంది కావడం అరుదుగానైనా జరుగుతుంది. నోట్లో ముక్కలు తీసేసి, తడిబట్టతో తుడిచి, చల్లటి నీళ్లో పాలో కొద్దికొద్దిగా తాగించండి. మింగలేకపోతున్నా, గొంతు బొంగురుపోయినా, చొంగ ఆగకుండా కారుతున్నా ఇంట్లో కూర్చోవద్దు. నా మాటగా అయితే డిఫెన్‌బాకియాను పాప కాస్త పెద్దయ్యేదాకా పిల్లల్లేని ఇంటికి ఇచ్చేయండి, మనీ ప్లాంట్‌ను తెచ్చి పైన వేలాడదీయండి. కానీ తీగ కిందికి జారకుండా కత్తిరిస్తూ ఉండాలి, కత్తిరించిన ముక్కల్ని టీపాయ్ మీద సీసాలో నీళ్లు పోసి పెట్టే అలవాటుంటే అది కూడా మానాలి.

ఇప్పుడు గేటు దగ్గర చెట్టు. పచ్చ గన్నేరు మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క, నీళ్లు లేకున్నా బతుకుతుంది, పశువులు ముట్టవు, కాబట్టి ఊరూరా కంచెల్లో, గుళ్ల దగ్గర నాటారు. ఆకు, పువ్వు, బెరడు, పాలు అన్నిట్లోనూ విషం ఉంది, గింజల్లో అన్నిటికన్నా ఎక్కువ. థెవెటిన్ లాంటి ఈ విషాలు గుండె మీద పనిచేస్తాయి, గుండె జబ్బులకు ఇచ్చే డిజాక్సిన్ తీరే, కాకపోతే ఇక్కడ కొలత ఉండదు. మొదట వాంతులు, కడుపునొప్పి, తర్వాత గుండె వేగం పడిపోవడం, లయ తప్పడం. వాంతులు తగ్గి పిల్ల ఆడుకుంటోంది కదా అని ఇంటికి తీసుకొచ్చేస్తారు చూడండి, అక్కడే ప్రమాదం. గుండె ఇబ్బంది గంటల తర్వాత కూడా రావచ్చు, అందుకే ఆస్పత్రిలో ఈసీజీ తీస్తూ కనీసం ఒక రోజు కనిపెట్టుకుని ఉంటారు. శ్రీలంకలో ఈ గింజల కేసులు చాలా ఎక్కువ, దీని వైద్యం మీద పెద్ద పరిశోధనలు కూడా అక్కడే జరిగాయి. విరుగుడుగా పనిచేసే యాంటీబాడీ ఇంజెక్షన్ ఉంది గానీ చాలా ఖరీదు, ప్రతి ఊళ్లో దొరికేది కాదు.

ఇక ఆ కాయను ఒకసారి పిల్లాడి కళ్లతో చూడండి. పచ్చగా, మూలలు తేలి, చేతిలో ఇమిడేంత, పండితే నల్లబడి తనంతట తానే రాలి గేటు ముందు పడుతుంది. లోపల గట్టి టెంక, కొడితే చప్పుడు, పగిలితే గింజలు. అంతకన్నా మంచి ఆటవస్తువు ఎక్కడ దొరుకుతుంది? మీ బాబు ఏరుతాడు, మీ పాప నోట్లో పెట్టుకుంటుంది. అందుకే మెత్తగా చెప్పకుండా సూటిగా చెప్తున్నా, రెండేళ్ల పిల్ల ఉన్న ఇంటి గేటు దగ్గర పచ్చ గన్నేరు వద్దు. తీసేయండి.

అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. ఒక కాయ తెచ్చి, ఆమె ముందే పగలగొట్టి, లోపలి గింజ చూపించి, ఇది చిన్నదాని నోట్లో పడితే ఎట్లా అత్తమ్మా అని అడగండి, మిగతాది ఆమే చూసుకుంటుంది. పూజ మానమనట్లేదు, పూలు మార్చమంటున్నాం అంతే. మందారం పెట్టండి, పారిజాతం పెట్టండి, పసుపు పూలే కావాలంటే బంతి ఉండనే ఉంది. చెట్టు పడేదాకా మాత్రం రోజూ పొద్దున, సాయంత్రం కింద ఊడ్చి కాయలు ఏరి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి, చేతికందే కొమ్మల మీది పచ్చి కాయలు కూడా తెంపేయండి. కొట్టేటప్పుడు పాలు చేతులకు, కళ్లకు అంటకుండా గ్లౌజులు, అద్దాలు వేసుకోమనండి. ఆ కట్టెలను చలిమంటకో నీళ్ల పొయ్యికో వాడొద్దు, గన్నేరు జాతుల పొగ కూడా మంచిది కాదు. ఎండిన ఆకులో కూడా విషం పోదు, కుప్ప పోసి వదిలేయొద్దు. మొదలు మళ్లీ చిగురిస్తుంది, పడిన గింజలు వచ్చే వానలకు మొలుస్తాయి, ఆ రెండూ కనిపెట్టుకుని ఉండాలి.

ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు వేరే మొక్కలు, వాటి విషం పేరు ఒలియాండ్రిన్, పని అదే, గుండె మీదే. రోడ్ల డివైడర్ల మీద పూసేవి ఎక్కువగా ఇవే.

ఇంకొక మాట, మీ ఇద్దరు పిల్లలకూ ఒకే రూలు పనికిరాదు. పాపకు చెప్పి లాభం లేదు, ఆ వయసులో దొరికిందల్లా నోట్లోకే, అక్కడ పని చేసేది ఎత్తు, గడియ, చీపురు మాత్రమే. బాబు సంగతి వేరు. వాడు నోట్లో పెట్టడు, వంటల ఆట ఆడతాడు, ఆకులు కూర అవుతాయి, గింజలు పెసర్లు అవుతాయి, చెల్లెలికి బువ్వ తినిపిస్తాడు. నూరువరహాల పువ్వు తెంపి తేనె పీల్చడం కూడా పిల్లలందరికీ తెలిసిన సరదానే, ఆ పువ్వుతో ఏ ఇబ్బందీ లేదు, కానీ అదే అలవాటుతో గన్నేరు పువ్వు పీలుస్తారు. కాబట్టి వాడికి పేరు పేరునా చూపించి చెప్పండి, ఇది తినేది, ఇది చూసేది, ఆటలో బువ్వకు మాత్రం ఇసుకే.

డాబా మీద నా దగ్గర గ్రాఫ్టింగ్ చేసిన అడీనియంలు చాలా ఉన్నాయి, కొన్ని పదేళ్లవి. ఇప్పుడు బాబు పాకుతున్నాడు. ఇంట్లోవాళ్లు అమ్మేయమంటున్నారు. ప్రాణం ఒప్పడం లేదు. (కరీంనగర్)

అమ్మొద్దు తమ్ముడూ. కానీ ఇది గన్నేరు చుట్టమేనని మాత్రం మర్చిపోవద్దు. అడీనియం పాలలో కూడా గుండె మీద పనిచేసే విషాలే ఉన్నాయి, ఆఫ్రికాలో దీని రసాన్ని బాణాల మొనలకు పూసి వేటాడేవాళ్లు. నర్సరీలో ఎవరూ ఈ ముచ్చట చెప్పరు, దుంప ఎంత లావుంటే ధర అంత అని మాత్రం చెప్తారు.

మీకు కలిసొచ్చేది ఏమిటంటే అవి డాబా మీద ఉన్నాయి. డాబా తలుపుకు పైన, మీ తల ఎత్తులో గడియ పెట్టించండి, కింద ఉన్నదాన్ని నమ్ముకోవద్దు, ఏడాది తిరిగేసరికి దాన్ని తీయడం వాడికి వచ్చేస్తుంది. స్టాండు మీద పెడితే స్టాండును గోడకు బిగించండి, లేకుంటే పట్టుకుని లేవబోయి కుండీని మీద పడేసుకుంటాడు, ఆ దెబ్బ విషం కన్నా ముందు తగులుతుంది. జంట కొమ్ముల్లాంటి కాయలు వస్తే విత్తనం కావాలంటే దారం కట్టి ఉంచండి, అక్కర్లేకపోతే తెంపేయండి, పగిలితే దూది లాంటి కుచ్చుతో గింజలు ఎగిరి మెట్ల మీదకు, గదుల్లోకి వస్తాయి. కత్తిరింపులు, గ్రాఫ్టింగ్ బాబు నిద్రపోయినప్పుడు చేయండి, కత్తి, పాలంటిన గుడ్డ, తుంచిన కొమ్మలు అక్కడే వదిలి ఫోను రాగానే కిందికి దిగిపోవద్దు. చేతులు సబ్బుతో కడిగిన తర్వాతే బాబును ఎత్తుకోండి. హాల్లో షో కోసం ఒక్కటే పెట్టుకుంటా అంటారేమో, అది మాత్రం వద్దు.

అమ్మా, నా మనుమడు రెండో తరగతి. బడి వెనక కంచెలో అడవి ఆముదం గింజలు సోపతిగాళ్లతో కలిసి పల్లీల లెక్క తిన్నాడు. ఇంటికొచ్చి వాంతులు. పక్కింటోళ్లు ఉప్పునీళ్లు తాపమంటే తాపినం, ఇంకా ఎక్కువైనయి. ఆస్పత్రిల సెలైన్ పెట్టినరు, తెల్లారి మంచిగైండు. గిట్లయితే ముందుగాల ఏం చెయ్యాలె? (జగిత్యాల దగ్గరి పల్లె)

బాపూ, పిల్లాడు బాగున్నాడు కదా, సంతోషం. ఇది మన దేశంలో పిల్లల్లో ఎక్కువగా కనిపించే మొక్కల విషాల్లో ఒకటి, పైగా ఒక్కడు తినడు, ఒకడు రుచి చూసి బాగుందంటే గుంపంతా తింటుంది, ఆ గింజ కాస్త తియ్యగా, పల్లీ, జీడిపప్పు తీరుగా ఉంటుంది మరి. మేకలు ముట్టవని కంచెకు వేసిన మొక్క, దాని మీద 2003 ప్రాంతంలో బయోడీజిల్ పంట అని చాలాచోట్ల నాటించారు. డీజిల్ సంగతి ఎటుపోయిందో గానీ మొక్కలు మాత్రం ఉన్నాయి.

దీనిలో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి తొందరగానే మొదలవుతాయి, ఒంట్లో నీరు పోవడమే పెద్ద ప్రమాదం, వేళకు సెలైన్ పడితే ఎక్కువమంది ఒకట్రెండు రోజుల్లో కోలుకుంటారు. మీకు జరిగింది అదే.

ఉప్పునీళ్ల మాట వచ్చింది కాబట్టి అందరికీ కలిపి చెప్తున్నా. పిల్లలు ఏ మొక్క తిన్నా సరే, ఉప్పునీళ్లు తాపొద్దు, సబ్బునీళ్లు తాపొద్దు, గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. చిన్న ఒంట్లోకి అంత ఉప్పు పోతే అదే ఇంకో విషమవుతుంది, కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ఆపద. నోట్లో ఉన్నది వేలితో తీసేసి, తడిబట్టతో తుడిచి, తిన్న మొక్క కొమ్మను ఆకు, కాయతో సహా ఒక సంచిలో వేసుకుని బయల్దేరాలి. కొమ్మ అంటున్నాను, పేరు కాదు. ఎందుకంటే గన్నేరు తిన్నాడని మీరంటే పచ్చ గన్నేరా, ఎర్ర గన్నేరా, బిళ్ల గన్నేరా, దేవగన్నేరా అని డాక్టరుకు తెలియదు, నాలుగూ నాలుగు వేరు వేరు మొక్కలు. ఎప్పుడు తిన్నాడు, ఎన్ని తిన్నాడు, నమిలాడా మింగాడా, ఈ మూడు చెప్పగలిగితే చాలా సాయం. వాంతి అయితే దానిలో గింజ ముక్కలున్నాయేమో చూసి వాటినీ తీసుకెళ్లండి.

మత్తుగా ఉన్నా, ఊపిరి సరిగ్గా ఆడకున్నా, ఫిట్స్ వచ్చినా ముందు 108కి ఫోన్. లక్షణాలు లేకున్నా, తిన్నది ఏమిటో తేల్చుకోవాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, ఉచిత నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతారు, మన డాక్టర్లు కూడా అక్కడ అడగొచ్చు.

బడి వెనక కంచె సంగతి హెడ్‌మాస్టరుకు చెప్పండి బాపూ, మీ మనుమడి పేరు చెప్పి మరీ చెప్పండి. ఆ రోజు తిన్న మిగతా పిల్లల ఇళ్లకు కూడా కబురు పోవాల్సింది, ఈపాటికి పోయే ఉంటుందనుకుంటా.

మా నాన్న షుగర్ తగ్గుతుందని రోజూ పొద్దున్నే బిళ్ల గన్నేరు ఆకులు, పూలు నములుతాడు. ఇప్పుడు మా నాలుగేళ్ల పాప కూడా తాతతో పాటు నములుతానంటోంది. (మంచిర్యాల)

ఇద్దరినీ ఆపండి. ఈ షుగర్ నమ్మకం మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉంది. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఆ సంగతి తేల్చడానికే ఈ ఆకులతో ప్రయోగం చేశారు. వాళ్లకు దొరికింది షుగర్ మందు కాదు, తెల్ల రక్తకణాలు పడిపోవడం కనిపించింది. దాని వెంటపడితే వింబ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటికొచ్చింది, విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే, పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు ఈనాటికీ వాడతారు. డాక్టర్లు కొలిచి, రక్తపరీక్షలు చేస్తూ ఎక్కించే సంగతి అది. అదే మొక్కను మీ నాన్న కొలత లేకుండా పరగడుపున నములుతున్నాడు. మొక్క అందంగా ఉంది, కుండీలో ఉండనివ్వండి, షుగర్‌కు మాత్రం డాక్టరు రాసిన గోలీలే.

మేడమ్, నేను ప్రభుత్వ పాఠశాల టీచర్‌ను. వినాయక చవితికి పిల్లలతో మట్టి గణపతులు చేయించి, పత్రి వాళ్లతోనే ఏరించాలని ప్లాన్. ఏమైనా జాగ్రత్తలున్నాయా? (జనగామ)

మంచి ఆలోచన, మానొద్దు, కానీ ఈ ప్రశ్న అడిగినందుకు మాత్రం మీకు దండం పెట్టాలి. ఇరవై ఒక్క పత్రిలో మూడింటిని పిల్లల చేతికి వదలకూడదు: ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. ఇవి పూజలో ఉన్నాయి కాబట్టి మంచివేనని పిల్లలు అనుకుంటారు, చాలామంది పెద్దలూ అంతే. ఈ మూడూ మీరు గానీ ఇంకెవరైనా పెద్దవాళ్లు గానీ తెంపి తెండి, మిగతావి పిల్లలు ఏరుకుంటారు. తెంపిన తర్వాత చేతులు కడుక్కోకుండా ఉండ్రాళ్ల మీద పడనివ్వొద్దు.

ఉమ్మెత్త గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ముళ్ల కాయ, లోపల గింజలు చూస్తే వంకాయ గింజల్లా, మిర్చి గింజల్లా ఉంటాయి. ఎట్రోపిన్, స్కోపోలమిన్ దాని విషాలు. తిన్న పిల్లకు నోరు ఎండిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు కాలుతుంది, కంటి పాపలు పెద్దవవుతాయి, ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడుతుంది, గాల్లో ఏదో పట్టుకోబోతుంది. మన పల్లెల్లో దీన్ని చూసి గాలి సోకిందంటారు, అంత్రం కట్టించడానికి పరుగెత్తుతారు, అక్కడ విలువైన గంటలు పోతాయి. అకస్మాత్తుగా పిల్ల ఇలా మాట్లాడుతుంటే, అందులోనూ శివరాత్రికో చవితికో దగ్గరి రోజులైతే, మొదట అడగాల్సింది ఉమ్మెత్త గురించే. నర్సరీల్లో ఏంజెల్స్ ట్రంపెట్ పేరుతో కిందికి వేలాడే పెద్ద బూర పూల మొక్క అమ్ముతారు, దాని గుణమూ ఇదే.

గణపతి కళ్లకు గురిగింజలు పెడతారేమో, అది మాత్రం నేను ఒప్పుకోను. దానిలోని అబ్రిన్ చాలా గట్టి విషం, దానికి విరుగుడు లేదు. గింజ పైపెంకు గట్టిది కాబట్టి చెక్కుచెదరకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది, కానీ నమిలినా, సూదితో పొడిచి రంధ్రం చేసినా ఆ రక్షణ పోయినట్టే. జాతరల్లో కొన్న గురిగింజల దండ ఇంట్లో ఉంటే అందుకే తీసేయమంటాను, ప్రతి గింజకూ రంధ్రం ఉంటుంది. 2011లో ఇంగ్లండ్‌లో ఒక పేరున్న ఉద్యానవనం తన దుకాణంలో అమ్మిన గురిగింజల బ్రేస్‌లెట్లను జనం దగ్గర నుంచి వెనక్కి తెప్పించుకుంది. కళ్లకు మిరియాలు పెట్టించండి, మినుములు పెట్టించండి, గణపతి ఏమనుకోడు.

నిమజ్జనం తర్వాత వాడిన పత్రిని బడి ఆవరణలో మూలకు నెట్టి వదిలేయకండి, అక్కడే ఒకటో తరగతి పిల్లలు ఆడుకుంటారు.

పెన్సిల్ కాక్టస్ కొమ్మ విరుస్తుంటే మా బాబు పక్కనే ఉన్నాడు, పాలు చిట్లి కంట్లో పడ్డాయి. మా అమ్మ తల్లిపాలు పోయమంది. సరైనదేనా? (గోదావరిఖని)

కాదు. తల్లిపాలు, ఆముదం, పన్నీరు ఏవీ పోయొద్దు. కుళాయి కింద, లేకపోతే చెంబుతో, రెప్పలు తెరిచి పట్టి పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లు ధారగా పోస్తూనే ఉండాలి, పిల్లాడు ఎంత గింజుకున్నా సరే. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఈ పాలు నల్లగుడ్డు మీది పొరను కాల్చినట్టు చేస్తాయి, మొదట మామూలు మంటలా ఉండి రాత్రికి ఎక్కువవుతుంది. అది పేరుకే కాక్టస్, నిజానికి యుఫోర్బియా. ముళ్ల కిరీటంగా అమ్మే యుఫోర్బియా మిలీ, జెముడు, జిల్లేడు పాలు కూడా కంటికి ఇంతే చెడ్డవి. ఎర్రాకుల పాయిన్‌సెట్టియాకు మాత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చెడ్డపేరు వచ్చింది, దానితో ఎక్కువగా చర్మం దురద, కాస్త కడుపు తిప్పడం వరకే.

పాకే పిల్ల చేతికి అందినా ఫర్వాలేదనుకునే మొక్కలు చెప్పండి. నర్సరీకి వెళ్తే అన్నీ సేఫే మేడమ్ అంటున్నారు. (వరంగల్)

అన్నీ సేఫ్ అని చెప్పేవాడి దగ్గర మొక్క పేరు రాసివ్వమనండి, అక్కడే తెలిసిపోతుంది. కడియం నుంచి లారీలో దిగిన మొక్కలకు సగానికి పేరే ఉండదు, రెడ్ వెరైటీ, చైనా వెరైటీ అంటారు. పేరు తెలియని మొక్కను పిల్లలున్న ఇంటికి తేకండి, నా పట్టింపు అదొక్కటే. విరిస్తే తెల్ల పాలు కారే మొక్కల్ని కూడా పిల్ల పెద్దయ్యేదాకా పక్కన పెట్టండి. వాటన్నిట్లో విషం ఉండదు, అయినా ఎవరు కూర్చుని తేలుస్తారు?

మందారం, నూరువరహాలు, తులసి, వాము ఆకు, పుదీనా, బంతి, లోపలికైతే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, వీటితో మీకు టెన్షన్ ఉండదు. ఆకు నమిలినా పెద్దగా ఏమీ కాదు, గొంతుకు అడ్డం పడకుండా చూసుకుంటే చాలు. షో కోసం పెట్టే ఎర్ర ఆముదం వద్దు, మందుల షాపులో ఆముదం నూనె అమ్ముతారు కదా అంటారేమో, విషం నూనెలోకి రాదు, గింజలోనే ఉంటుంది. ఎర్రటి పూలతో అగ్నిశిఖ తీగ ఎవరైనా తెచ్చిస్తే తీసుకోకండి, దాని దుంపలో కోల్చిసిన్ ఉంటుంది, తవ్వి పక్కన పెడితే ఏదో కూరగడ్డ అనుకుంటారు.

ఇంతా చేసి, మీరు అడగని సంగతి ఒకటి. మన వైపు పత్తికో మిర్చికో కొట్టగా మిగిలిన మందును నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి, కుండీల్లో పురుగుకు పనికొస్తుందని ఊరి నుంచి తెచ్చుకునేవాళ్లు ఇంటింటా ఉన్నారు. గుళికల పొట్లం అయితే కుండీ పక్కనే పెడతారు. నేను పైన రాసిన మొక్కలన్నీ ఒక ఎత్తు, ఆ సీసా ఒక్కటే ఒక ఎత్తు. స్పైడర్ ప్లాంట్ మీద ఆ మందు కొట్టి సేఫ్ మొక్క అనుకుంటే ఎట్లా? మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే దాన్ని తెచ్చినవాళ్లకే తిరిగిచ్చి పంపండి, మోరీలో మాత్రం పారబోయొద్దు. ఆకుల మీద పేను, పిండినల్లి పడితే నీళ్ల ధారతో కడగండి, పోకపోతే ఆ కొమ్మ తుంచేయండి.